ఉత్తర కొసన రెండు విమానాశ్రయాలు: ఎంత దూరం, ఎంతసేపు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఉత్తరకాంతులు చూడటానికి నార్వే, గ్రీన్లాండ్, కెనడా ఉత్తరభాగాలకు వెళ్లేవాళ్ల నుంచి ఈమధ్య ఒకే తరహా ప్రశ్నలు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఫిబ్రవరిలో నార్వేలోని ట్రోమ్సో నుంచి, దానికి ఉత్తరాన సముద్రంలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌ఇయర్‌బైన్‌కి వెళ్తున్నాం. ఒక వెబ్‌సైట్ 957 కిలోమీటర్లు అంటోంది, ఇంకొకటి 961 అంటోంది. టికెట్టు మీద గంటా నలభై నిమిషాలని ఉంది. జెట్ విమానం గంటకు 830 కిలోమీటర్లు పోతుంది కదా, గంటా పది నిమిషాలు చాలాలి. మిగతా అరగంట ఎక్కడ పోతోంది? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: ముందు దూరం సంగతి. రెండు అంకెలూ సరైనవే. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న నున్నటి బంతి అనుకుని లెక్కిస్తే 957 వస్తుంది. భూమి నిజంగా ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టు ఉంటుంది. అందువల్ల అక్కడ ఒక డిగ్రీ అక్షాంశం పొడవు కొంచెం ఎక్కువ. ఆ ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటే 961. తేడా వెయ్యికి నాలుగు వంతులే. మీ ప్రయాణానికి దానివల్ల ఒరిగేదీ పోయేదీ లేదు.

ఇక సమయం. టికెట్టు మీద ఉండేది గాల్లో ఎగిరే సమయం కాదు. తలుపు మూసి విమానం కదిలిన దగ్గర్నుంచి అవతల విమానాశ్రయంలో ఆగేదాకా పట్టే సమయం. బోయింగ్ 737-800 లాంటి విమానానికి ఈ మార్గంలో దాన్ని ఇలా విడదీయొచ్చు. ట్రోమ్సోలో నేలమీద కదిలి రన్‌వే చేరడానికి పది నిమిషాలు. పైకి ఎక్కడానికి ఇరవై నిమిషాలు. ఈ లోపు దాటే దూరం 200 కిలోమీటర్లే. గంటకు 830 వేగం అందుకున్నాక మధ్యలో 560 కిలోమీటర్లకు నలభై నిమిషాలు. కిందికి దిగడం, రన్‌వేకి ఎదురుగా వచ్చి వాలడం, ఇంకో 200 కిలోమీటర్లకు పాతిక నిమిషాలు. దిగాక నేలమీద అయిదు. మొత్తం వంద నిమిషాలు. మీరు అడిగిన అరగంట పోయింది ఎక్కే దిగే వేగాల్లోనూ, నేలమీదానూ.

చేత్తో అంచనా వేసుకోవడానికి ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి: కిలోమీటర్లను 14తో భాగించి 30 కలపండి. 957ని 14తో భాగిస్తే 68, ముప్పై కలిపితే 98 నిమిషాలు. ఓస్లో నుంచి లాంగ్‌ఇయర్‌బైన్ సుమారు 2,013 కిలోమీటర్లు; ఇదే లెక్కన 174 నిమిషాలు, అంటే మూడు గంటలకు కాస్త తక్కువ. టికెట్ల మీద ఉండేదీ దాదాపు అంతే. హైదరాబాద్–ఢిల్లీ సుమారు 1,250 కిలోమీటర్లకు ఈ సూత్రం రెండు గంటలు ఇస్తుంది, కానీ టైమ్‌టేబుల్లో పది ఇరవై నిమిషాలు ఎక్కువే రాస్తారు. ఢిల్లీ మీద రద్దీ అలాంటిది. లాంగ్‌ఇయర్‌బైన్ మీద ఆ రద్దీ ఉండదు.

ఈ సూత్రం 400 కిలోమీటర్ల లోపు దూరాలకు పనికిరాదు. అలాస్కాలో ఉట్కియాగ్విక్ (2016 దాకా బారో) నుంచి డెడ్‌హార్స్ 327 కిలోమీటర్లే. అంత దగ్గరికి విమానం పూర్తి ఎత్తుకు ఎక్కకముందే దిగడం మొదలుపెట్టాలి కాబట్టి లెక్క మారిపోతుంది.

చలికాలంలో దీనికి మంచు కడిగే సమయం కలపాలి. రెక్కల మీద మంచు పేరుకుంటే ముందు వేడిచేసిన నారింజ రంగు ద్రవం కొట్టి కరిగిస్తారు. ఇంకా మంచు కురుస్తుంటే దాని మీద చిక్కటి ఆకుపచ్చ ద్రవం పూస్తారు. అది జిగురుగా రెక్కకు అంటుకుని, కొత్తగా పడే మంచును కొంతసేపు పట్టి ఉంచుతుంది. విమానం పరుగెత్తేటప్పుడు గాలికి జారిపోతుంది. ఆ ‘కొంతసేపు’ ఎంతన్నది మంచు తీరును బట్టి పట్టికలో ఉంటుంది. అది దాటేలోగా ఎగరకపోతే వెనక్కి వచ్చి మళ్లీ కడిగించుకోవాల్సిందే. కిటికీ పక్కన కూర్చుంటే రెక్క మీంచి ఆకుపచ్చ ద్రవం తీగలు తీగలుగా వెనక్కి సాగడం కనిపిస్తుంది. భయపడకండి, అది పని చేస్తున్నట్టే.

ప్రశ్న: ఈ దూరం వెబ్‌సైట్ లేకుండా మామూలు కాలిక్యులేటర్‌తో కట్టడం ఎలా? పిల్లలకు చూపించాలని ఉంది. (లెక్కల మాస్టారు, గుడివాడ)

జవాబు: పదో తరగతి త్రికోణమితి చాలు మాస్టారూ. రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు డిగ్రీల్లో దశాంశాలుగా కావాలి. ట్రోమ్సో విమానాశ్రయం 69.683 ఉత్తరం, 18.919 తూర్పు. లాంగ్‌ఇయర్‌బైన్ 78.246 ఉత్తరం, 15.466 తూర్పు. రేఖాంశాల తేడా 3.453.

మొదట రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి: 0.93778 × 0.97903 = 0.91812. తర్వాత రెండు అక్షాంశాల కాస్‌లు, రేఖాంశాల తేడా కాస్ గుణించండి: 0.34722 × 0.20372 × 0.99818 = 0.07061. రెండూ కలిపితే 0.98873. దీనికి విలోమ కాస్ తీస్తే 8.61 డిగ్రీలు. భూమి కేంద్రం దగ్గర రెండు ఊళ్ల మధ్య కోణం అది. ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు కాబట్టి దాదాపు 517 నాటికల్ మైళ్లు, 1.852తో గుణిస్తే 957 కిలోమీటర్లు.

పిల్లలు తప్పు చేసే చోట్లు మూడు. కాలిక్యులేటర్ రేడియన్లలో ఉండిపోవడం మొదటిది. జవాబు అర్థం పర్థం లేకుండా వస్తుంది కాబట్టి వెంటనే దొరికిపోతుంది. రెండోది దొంగ తప్పు: 69 డిగ్రీల 41 నిమిషాలను 69.41 అని కొట్టడం. 41 నిమిషాలంటే 60లో 41, అంటే 0.683. ఈ పొరపాటు ఒక్కటే 30 కిలోమీటర్లు తేడా తెస్తుంది, జవాబు మాత్రం చూడటానికి నమ్మేలాగే ఉంటుంది. మూడోది దశాంశాలు ముందే కత్తిరించడం. చివరి సంఖ్య ఒకటికి బాగా దగ్గరగా ఉంటుంది గనక, 0.98873ని 0.99 అని రాస్తే దూరం 902 కిలోమీటర్లకు పడిపోతుంది. అయిదు దశాంశాలు తగ్గనివ్వకండి. మరీ దగ్గరి ఊళ్లకైతే, అంటే పది ఇరవై కిలోమీటర్లకు, ఈ సూత్రమే నమ్మదగింది కాదు.

ప్రశ్న: గోడమీది ప్రపంచ పటంలో స్వాల్‌బార్డ్ మన రెండు తెలుగు రాష్ట్రాల కంటే చాలా పెద్దగా కనిపిస్తుంది. నిజమేనా? (విజయనగరం)

జవాబు: కాదు. ఆ దీవులన్నీ కలిపి సుమారు 61 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో దాదాపు సగం. గోడ పటాల్లో ఎక్కువగా కనిపించే మెర్కేటర్ తరహా పటం ధ్రువాల వైపు పోయేకొద్దీ అన్నిటినీ సాగదీస్తుంది. పటం మీద హైదరాబాద్ దగ్గర ఒక సెంటీమీటరు వంద కిలోమీటర్లయితే, లాంగ్‌ఇయర్‌బైన్ దగ్గర అదే సెంటీమీటరు సుమారు 21 కిలోమీటర్లే. స్కేలు పెట్టి కొలిచి ఉత్తరాది దూరాలు చెప్పకూడదు అనేది ఇందుకే. దారం తెచ్చి గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య బిగించి లాగండి; దారం పడే దారే దగ్గరి దారి.

ప్రశ్న: లాంగ్‌ఇయర్‌బైన్‌లో వాతావరణం బాగోలేకపోతే విమానం ఎక్కడ దిగుతుంది? చుట్టూ సముద్రమేగా! (కాకినాడ)

జవాబు: చాలాసార్లు బయల్దేరిన చోటికే తిరిగి వస్తుంది. జెట్ విమానం దిగగలిగిన మరో రన్‌వే ఆ దీవుల్లో లేదు. దగ్గరివన్నీ నార్వే ప్రధాన భూభాగంలోనే: ట్రోమ్సో, ఆల్టా, బార్డుఫోస్. ఏది చూసినా సుమారు 950 నుంచి 1,030 కిలోమీటర్ల దూరం.

అందుకే ఇంధనం లెక్క వేరేగా ఉంటుంది. 737-800 గంటకు దాదాపు రెండున్నర టన్నుల ఇంధనం కాలుస్తుంది. అంచనాగా చూస్తే పోవడానికి 3.8 టన్నులు, ఊహించని అవసరాలకు అందులో 5 శాతం కింద 0.2, అక్కడ దిగలేక తిరిగి రావడానికి 3.6, తిరిగొచ్చాక కూడా ట్యాంకులో తప్పనిసరిగా మిగలాల్సిన అరగంట నిల్వ 1.2, నేలమీద తిరగడానికి 0.2. అంతా కలిపి తొమ్మిది టన్నులు. పోవడానికి కావలసినది నాలుగే, మోసుకుపోయేది తొమ్మిది.

చుట్టుపక్కల ప్రత్యామ్నాయమే లేని ఏకాంత విమానాశ్రయాలకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల్లో ఇంకో పద్ధతి ఉంది. తిరిగి రావడానికి బదులు గమ్యం మీద రెండు గంటలు ఎగరడానికి సరిపడా ఇంధనం ఉంచుకోవాలి. చివరి అరగంట నిల్వ అందులోనే కలిసి ఉంటుంది. ఈ పద్ధతిలో వెళ్తే దారిలో ఒక బిందువు వస్తుంది. అది దాటాక వెనక్కి పోవడానికి ఇంధనం చాలదు. ఆ బిందువు చేరకముందే గమ్యం దగ్గరి వాతావరణం కనుక్కుని, బాగుంటేనే ముందుకు సాగాలి.

అంత ఇంధనంతో దిగితే బరువు ఎక్కువ. లాంగ్‌ఇయర్‌బైన్ రన్‌వే 2,483 మీటర్లు, 45 మీటర్ల వెడల్పు. పొడిగా ఉన్నప్పుడు 737కి అది ధారాళం. మంచు పట్టినప్పుడే చిక్కు. రన్‌వే పరిస్థితిని 6 నుంచి 0 దాకా అంకెలతో చెబుతారు. 6 అంటే పొడి, 0 అంటే బ్రేకు పట్టదు, దిగకూడదు. అంకె తగ్గేకొద్దీ ఆగడానికి పట్టే దూరం పెరుగుతుంది, తట్టుకోగల పక్కగాలి తగ్గుతుంది. ప్రయాణికులు ఎదురుచూసే సామాను ఒక్కోసారి తర్వాతి విమానంలో రావడానికి కారణం ఇదే: బరువు తగ్గించాల్సి వచ్చింది.

1975లో తెరిచిన ఈ రన్‌వే కింద ఉన్నది ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల. వేసవిలో పై పొర కరిగి మెత్తబడుతుంది, చలికాలంలో మళ్లీ గడ్డకట్టి ఉబ్బుతుంది. నల్లటి తారు ఎండను పీల్చుకుని ఆ కరగడాన్ని ఇంకా పెంచుతుంది. దాంతో రన్‌వే అలలు అలలుగా తయారవుతుంది, పదేపదే సరిచేయాలి. గ్రీన్లాండ్‌లో పిటుఫిక్ స్థావరం (పూర్వం థూలే) రన్‌వేకి ఎండ పీల్చకుండా తెల్ల రంగే వేశారు.

వాతావరణం బాగోలేదని వెనక్కి తిప్పితే ప్రయాణికులు విసుక్కుంటారు. విసుక్కోవద్దని మా మనవి. 1996 ఆగస్టు 29న మాస్కో నుంచి వచ్చిన టుపోలెవ్-154 విమానం దిగే దారి నుంచి పక్కకు తొలగి, రన్‌వేకి తూర్పున 14 కిలోమీటర్ల దూరంలో ఓపెరా పర్వతాన్ని ఢీకొంది. 141 మందీ చనిపోయారు. ఆ లోయలో మేఘం కిందికి దిగితే కొండలు కనబడవు.

ప్రశ్న: మాకు ఒక్కసారి ప్రవేశానికి షెంగెన్ వీసా వచ్చింది. స్వాల్‌బార్డ్‌కి వీసా అక్కర్లేదంటున్నారు కదా, సరిపోతుందా? (హైదరాబాద్)

జవాబు: సరిపోదు. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. స్వాల్‌బార్డ్‌కి విడిగా వీసా లేదన్నది నిజం. కానీ అది షెంగెన్ ప్రాంతానికి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల సమూహానికి, బయట ఉంది. నార్వే ప్రధాన భూభాగంలో అడుగుపెట్టడం ఒక ప్రవేశం. ట్రోమ్సోలో పాస్‌పోర్టు తనిఖీ చేయించుకుని స్వాల్‌బార్డ్‌కి ఎక్కితే షెంగెన్ నుంచి బయటికి వెళ్లినట్టు. తిరిగొచ్చేటప్పుడు రెండో ప్రవేశం. మీ వీసా మీద రెండుసార్లు, లేదా ఎన్నిసార్లయినా అని ఉండాలి. దరఖాస్తులోనే ఆ గడి ఎంచుకుని, స్వాల్‌బార్డ్ టికెట్టు, బస కాగితాలు జతచేయండి.

ఓస్లో నుంచి ట్రోమ్సో మీదుగా వెళ్లే విమానమైతే, ట్రోమ్సోలో అందరూ చేతి సంచులతో దిగి, పాస్‌పోర్టు తనిఖీ అయ్యాక మళ్లీ అదే విమానం ఎక్కాలి. సంచి సీటు పైన వదిలేసి, పాస్‌పోర్టు అందులో మరిచిపోయి దిగేవాళ్లు ఉంటారు. పాస్‌పోర్టు జేబులో పెట్టుకోండి. ఓస్లో దాకా ఒక టికెట్టు, అక్కడి నుంచి వేరే టికెట్టు కొన్నవాళ్లు మొదటిది ఆలస్యమైతే రెండోది పోగొట్టుకుంటారు. అంతా ఒకే బుకింగ్‌లో ఉండేలా చూసుకోండి. తిరుగు ప్రయాణంలో ఇండియా విమానానికి ముందు ఒక రాత్రి ఖాళీగా ఉంచండి. ఫిబ్రవరిలో అది విలాసం కాదు, అవసరం.

ప్రశ్న: అంత చలిలో విమానం వేగం తగ్గుతుందా? ఇంధనం గడ్డకట్టదా? (నిజామాబాద్)

జవాబు: వేగం కొద్దిగా తగ్గుతుంది. జెట్ విమానాలు శబ్దవేగంలో ఇంత భాగం అని లెక్కపెట్టుకుని ఎగురుతాయి. చల్లటి గాలిలో శబ్దమే నెమ్మదిగా పోతుంది. బయట సున్నాకి కింద 50 డిగ్రీలుంటే శబ్దవేగంలో 0.78 వంతు అంటే గంటకు సుమారు 841 కిలోమీటర్లు. 60 డిగ్రీలుంటే 822. ట్రోమ్సో మార్గంలో ఈ తేడా ఒక్క నిమిషం. దీనికంటే గాలే పెద్ద లెక్క: గంటకు 80 కిలోమీటర్ల ఎదురుగాలి ఏడెనిమిది నిమిషాలు తినేస్తుంది.

ఇంధనం విషయానికొస్తే, యూరప్‌లో వాడే జెట్ ఏ-1 గడ్డకట్టే హద్దు సున్నాకి కింద 47 డిగ్రీలు, అమెరికాలో వాడే జెట్ ఏకి 40. బయట అంతకంటే చల్లగా ఉన్నా రెక్కలోని టన్నులకొద్దీ ఇంధనం చల్లబడటానికి గంటలు పడుతుంది. పైగా వేగంగా దూసుకుపోయే రెక్క గాలి ఒత్తిడికి కొంత వెచ్చబడుతుంది. గంటన్నర ప్రయాణంలో భయం లేదు. ధ్రువం మీదుగా పన్నెండు గంటలు ఎగిరేవాళ్లే ఇంధనం ఉష్ణోగ్రత మీద కన్నేసి ఉంచి, అవసరమైతే కిందికి దిగడమో వేగం పెంచడమో చేస్తారు.

చలి అసలు మోసం చేసేది ఎత్తు చూపే మీటరుని. అది కొలిచేది గాలి పీడనాన్ని. గాలి చల్లబడి కుదించుకుపోతే మీటరు చూపినదానికంటే విమానం కిందే ఉంటుంది. నేలమీద సున్నాకి కింద 20 డిగ్రీలున్నప్పుడు మీటరు వెయ్యి అడుగులు చూపితే, నిజమైన ఎత్తు సుమారు 860. కొండల మధ్య దిగేచోట 140 అడుగులు చిన్న విషయం కాదు. అందుకే పైలట్లు పట్టిక చూసి ఆ మేరకు ఎత్తు కలుపుకుని దిగుతారు.

ప్రశ్న: కెనడాలో ఇకాలుయిట్ నుంచి గ్రీన్లాండ్‌లో నూక్ 825 కిలోమీటర్లే అని చూపిస్తోంది. టికెట్టు వెతికితే యూరప్ చుట్టి రెండు రోజులు పడుతోంది. పొరపాటా? (టొరంటోలో ఉంటున్న పాఠకుడు)

జవాబు: పొరపాటు లేదు. దూరం చెప్పే వెబ్‌సైట్లకు అక్కడ విమానం నడుస్తోందా లేదా అన్న సంగతి పట్టదు. ఆ మార్గంలో నేరు సర్వీసు కొన్నాళ్లు నడవడం, ఆగిపోవడం జరుగుతూ వచ్చింది. నడిచే రోజుల్లో గంటకు 500 కిలోమీటర్లు పోయే పంకాల విమానం లెక్కేసుకుంటే రెండు గంటలు. లేని రోజుల్లో ఒట్టావాకి దిగి, అట్లాంటిక్ దాటి, కోపెన్‌హాగన్ నుంచి మళ్లీ వెనక్కి రావాలి. వెతికేటప్పుడు తేదీలు మార్చి, వారంలో ప్రతి రోజూ విడిగా చూడండి. వారానికి ఒక్కసారే నడిచే విమానం మామూలు వెతుకులాటలో కనబడదు.

నూక్ విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. అక్కడి పాత రన్‌వే 950 మీటర్లే. డాష్-8 లాంటి పంకాల విమానాలకే సరిపోయేది. కోపెన్‌హాగన్ నుంచి వచ్చే పెద్ద జెట్లు 2,810 మీటర్ల రన్‌వే ఉన్న కాంగర్‌లుసువాక్‌లో దిగి, ప్రయాణికులు అక్కడ విమానం మారాల్సి వచ్చేది. 2024 నవంబరు 28న నూక్‌లో 2,200 మీటర్ల రన్‌వే మొదలయ్యాక పెద్ద జెట్లు నేరుగా రాజధానికే వస్తున్నాయి. పాత ప్రయాణ వ్యాసాలు చదివి ప్లాను వేసుకోకండి.

ప్రశ్న: కెనడా ఉత్తరాన కంకర రన్‌వేల మీద జెట్ విమానాలు దిగేవని చదివాను. రాళ్లు ఇంజిన్లోకి పోవా? (రామగుండం)

జవాబు: పోకుండా ఏర్పాటు చేసేవారు. రిజల్యూట్ బేలో సుమారు 1,980 మీటర్ల కంకర రన్‌వే ఉంది. అలాంటి చోట్ల పాత బోయింగ్ 737-200లు ఏళ్ల తరబడి తిరిగాయి. ముక్కు చక్రం వెనకాల స్కీ బద్దలాంటి లోహపు పలక బిగించేవారు. చక్రం ఎగజిమ్మిన రాళ్లు దానికి తగిలి పక్కకు పోయేవి. ఇంజిన్ నోటి ముందుకు సన్నటి గొట్టం ఒకటి పొడుచుకొచ్చి ఉండేది. ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు నేలమీద చిన్న సుడి లేస్తుంది, రాళ్లను పైకి లాగేది ఆ సుడే. గొట్టంలోంచి కిందికి గాలి ఊది దాన్ని లేవకముందే చెదరగొట్టేవారు. టైర్లలో గాలి తగ్గించేవారు, రెక్కల వెనకవైపు ఫ్లాపుల అడుగుభాగానికి ఫైబర్‌గ్లాసు కవచం వేసేవారు.

కొత్త 737లకు ఈ కిట్ లేదు. వాటి ఇంజిన్లు లావు, నేలకు మరీ దగ్గర. 737-200 తయారీ 1988లోనే ఆగిపోయింది. ఏటీఆర్ 42 లాంటి పంకాల విమానాలు ఆ పని చేయగలవు, వేగం తక్కువ. కాబట్టి కంకర రన్‌వే ఉన్న ఊరికి, మొదటి జవాబులోని సమయం సూత్రంలో 14 బదులు 8తో భాగించి, 30 బదులు 20 కలపండి.

ప్రశ్న: అక్కడ దిక్సూచి పనిచేయదంటారు. నిజమేనా? (కడప)

జవాబు: అయస్కాంత ఉత్తర ధ్రువానికి దగ్గరయ్యేకొద్దీ ముల్లు నిలకడగా ఉండదు, భూగోళ ఉత్తరానికీ అది చూపే దిక్కుకీ తేడా విపరీతంగా పెరుగుతుంది. అందుకే కెనడా ఉత్తర గగనతలంలో రన్‌వే అంకెలు (అది చూసే దిక్కును పదుల డిగ్రీల్లో చెప్పేవి), గాలి దిశ అన్నీ భూగోళ ఉత్తరాన్ని బట్టే చెబుతారు. అయస్కాంత ధ్రువం కదులుతూ ఉండటంతో మిగతా చోట్ల రన్‌వే పేర్లు కూడా మారుతుంటాయి. అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ రన్‌వే 1-19 కాస్తా 2009లో 2-20 అయింది.

ప్రశ్న: మన దేశపు హిమాద్రి పరిశోధనా కేంద్రానికి వెళ్లేవాళ్లు లాంగ్‌ఇయర్‌బైన్ నుంచి ఎలా వెళ్తారు? (భూగోళశాస్త్ర విద్యార్థిని, తిరుపతి)

జవాబు: 2008లో మొదలైన హిమాద్రి ఉన్నది నీ-ఓలెసుండ్‌లో. లాంగ్‌ఇయర్‌బైన్‌కి వాయవ్యంగా 110 కిలోమీటర్లు, మధ్యలో రోడ్డు లేదు. డోర్నియర్ 228 తరహా చిన్న విమానం పాతిక నిమిషాల్లో చేరుస్తుంది, కిందంతా హిమనదాలే. అక్కడి రన్‌వే చిన్నది, పరిశోధనా కేంద్రం కోసమే ఉంది గనక మామూలు పర్యాటకులకు టికెట్టు దొరకదు. సామాను కిలోల లెక్కన పరిమితం. బరువైన పరికరాలను వేసవిలో ఓడలో ముందుగా పంపేస్తారు.